ఏరు దాటాక తెప్ప కూలి

(శ్రీకాకుళంలో కళాశాల విద్యార్థులు, స్వచ్ఛంద సేవకుల సమావేశంలో ఒక విశ్రాంత తహసీల్దారు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న యువ మిత్రులకు నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ప్రశ్న రూపంలో ఉంది. హెచ్చరికలను లెక్కచేయకుండా కొండలెక్కి, సముద్రంలో దిగి, పొంగుతున్న వాగులు దాటబోయి ఆపదలో చిక్కుకున్నవారిని కాపాడడానికి అయిన ఖర్చును వారి నుంచే రాబట్టాలా, వద్దా అన్నదే ఆ ప్రశ్న. ఏటా కార్తీక వనభోజనాల రోజుల్లోనూ, జనవరి ఒకటిన, కనుమ, ముక్కనుమ నాడూ మన తీరంలో ఎవరో ఒకరు కొట్టుకుపోయారన్న వార్త వస్తూనే ఉంటుంది. ఆ వెంటనే టీ దుకాణం దగ్గరా, బస్సులోనూ "వాళ్ళకు బుద్ధి లేదు, ఖర్చంతా వాళ్ళ చేతే కట్టించాలి" అన్న మాటా వినిపిస్తుంది. ఆ మాట అన్నవారిలో నేనూ ఒకణ్ణి. అయితే నేను అన్నది టీ దుకాణంలో కాదు, ప్రభుత్వ కాగితం మీద. అందుచేత ముందు ఆ సంగతి చెప్పి, తరువాత అంశంలోకి వెళతాను.

చాలా ఏళ్ళ కిందట నేను మన జిల్లాలోనే ఒక తీర మండలంలో తహసీల్దారుగా పనిచేశాను. ఒక కార్తీక ఆదివారం మధ్యాహ్నం, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, స్నానాలు చేయరాదని బోర్డు పెట్టిన చోటనే, ఐదుగురు విద్యార్థులు నీటిలో దిగారు. అది పాటు వేళ. సముద్రం వెనక్కి తీస్తున్నప్పుడు నది నీరు కూడా దానికి తోడై మొగలో ఎంత బలంగా లాగుతుందో తీరంలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇద్దరు కొట్టుకుపోయారు. కొంత దూరంలో వల లాగుతున్న తెప్పవారికి కబురు అందగానే, వలను పైకి తీసేంత వ్యవధి లేదని తాడు కోసి వదిలేసి, ఇంజను పెంచుకుని వచ్చి, ఇద్దరినీ ప్రాణాలతో ఒడ్డుకు చేర్చారు. వల మళ్ళీ దొరకలేదు. మొగలోని మెట్టకు తగిలి ఇంజను పంకా విరిగింది.

నేను వెళ్ళేసరికి పిల్లలు ఇసుకలో కూర్చుని వణుకుతున్నారు. ఊరు అరకిలోమీటరు దూరం కూడా లేదు కదా, కబురు ఇంత ఆలస్యంగా ఎందుకు చెప్పారని మిగిలిన ముగ్గురినీ అడిగాను. ఒకడు ఏడుస్తూ, "పోలీసు కేసవుతుందని, కాలేజీలో తెలిసిపోతుందని భయపడి, ముందు తువ్వాళ్ళు ముడేసి మేమే లాగాలని చూశాం సార్" అన్నాడు. ఆ మాట నేను వాంగ్మూలంలో రాసుకున్నాను, కానీ దాని అర్థం ఆ రోజు నాకు తలకెక్కలేదు.

వలకూ, ఇంజనుకూ, డీజిలుకూ కలిపి తెప్ప యజమానికి పరిహారం ఇవ్వాలని ప్రతిపాదన పంపాను. "ఏ పద్దు కింద చెల్లించవలెనో తెలుపగలరు" అన్న వ్యాఖ్యతో పై కార్యాలయం నుంచి అది తిరిగి వచ్చింది. తెలిపాను, మళ్ళీ వచ్చింది. మూడోసారి నాకు ఒళ్ళు మండి, ఆ ఐదుగురు విద్యార్థుల తల్లిదండ్రుల నుంచే ఈ సొమ్ము రాబట్టాలని రాశాను. అప్పటి మా పై అధికారి ఆ కాగితం చదివి నన్ను పిలిపించి, చాలా నెమ్మదిగా, "బోర్డు పక్కన ఈ రేటు కూడా రాయించేద్దామా తహసీల్దారు గారూ? ఇక్కడ మునిగినవారిని పైకి తీయుటకు ఇంత, అని" అన్నారు. నేను ఆ కాగితం వెనక్కి తీసుకున్నాను. ఆనాటి నుంచి ఈ విషయం గురించి ఆలోచిస్తూనే ఉన్నాను.

రాబట్టాలనే వాదనను తేలికగా కొట్టిపారేయడానికి వీలులేదు, ఎందుకంటే దాని వెనుక ఉన్నది కేవలం డబ్బు లెక్క కాదు. కాపాడడానికి వెళ్ళినవారు కూడా ప్రాణాలు పణంగా పెడతారు. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదల్లో చిక్కుకున్న యాత్రికులను తరలిస్తున్న వైమానిక దళ హెలికాప్టరు గౌరీకుండ్ దగ్గర కూలిపోయి, అందులో ఉన్న 20 మంది రక్షకులూ మరణించారు. 2018లో థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది ఫుట్‌బాల్ ఆడే పిల్లలూ వారి శిక్షకుడూ చిక్కుకున్నప్పుడు, వారి కోసం గాలి సిలిండర్లు అమర్చి తిరిగి వస్తూ, నౌకాదళంలో పనిచేసి విరమించిన సమాన్ కునాన్ అనే గజ ఈతగాడు ఊపిరాడక చనిపోయాడు. ఇలాంటివి తలచుకున్నప్పుడు, ఒకడి సరదాకు మరొకడు ప్రాణం ఇవ్వాలా అన్న కోపం న్యాయమైన కోపమే.

ఆ కోపాన్ని చట్టంగా మార్చిన చోట్లూ ఉన్నాయి. అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ అనే చిన్న రాష్ట్రంలో మౌంట్ వాషింగ్టన్ అనే కొండ ఉంది. ఎత్తులో హిమాలయాల ముందు అది లెక్కలోకి రాదు గానీ, అక్కడి గాలికీ చలికీ ఎంతోమంది బలయ్యారు. తెగించి ప్రవర్తించినవారి నుంచి రక్షణ ఖర్చు వసూలు చేయవచ్చని ఆ రాష్ట్రం 1999లో చట్టం చేసింది. 2008లో ఆ పరిధిని పెంచి, సాధారణ అజాగ్రత్తకు కూడా వర్తింపజేసింది. ఆ మరుసటి సంవత్సరమే, కాలు మెలికపడి కొండ మీద మూడు రాత్రులు గడిపి బతికి బయటపడిన పదిహేడేళ్ళ కుర్రవాడికి 25 వేల డాలర్లకు పైగా బిల్లు పంపారు. మరొక నడకరికి వేసిన 9 వేల డాలర్ల పైచిలుకు బిల్లును ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2015లో సమర్థించింది. గమనించవలసిందేమిటంటే, అదే సమయంలో ఆ రాష్ట్రమే ఒక కార్డును కూడా ప్రవేశపెట్టింది. ఏడాదికి 25 డాలర్లు కట్టి ఆ కార్డు తీసుకున్నవారికి అజాగ్రత్త పేరిట బిల్లు రాదు, మరీ తెగించి ప్రవర్తిస్తే తప్ప. అంటే బిల్లు వేసే చట్టం చేసినవారికే, ఆ బిల్లు నుంచి తప్పించే దారి కూడా వెతకవలసి వచ్చింది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఎవరిది తెగింపు, ఎవరిది దురదృష్టం అన్నది తేల్చడంలో ఉంది. ఒడ్డున నిలబడి, అంతా అయిపోయిన తరువాత తేల్చేటప్పుడు ఈ చిక్కు మరీ పెద్దది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయి మరణించిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆ మొదటి రెండు రోజులు మన ఇళ్ళలో ఏం మాట్లాడుకున్నామో గుర్తు తెచ్చుకోండి. నదిలోకి దిగి ఫోటోలు తీసుకోవడమేమిటి, పిల్లలకు ఆ మాత్రం తెలియదా అనే కదా అన్నాం. వారు దిగినప్పుడు అక్కడ నీరు తక్కువగానే ఉంది. ఎగువన లార్జీ జలవిద్యుత్ ఆనకట్ట నుంచి తగిన హెచ్చరిక లేకుండా నీరు వదిలారు. తరువాత హైకోర్టు ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పి, అందులో అధిక భాగాన్ని అక్కడి విద్యుత్ బోర్డు మీదనే వేసింది. మొదటి రోజున మనల్ని అడిగి ఉంటే, బిల్లు ఆ పిల్లల పేరనే రాసి ఉండేవాళ్ళం.

నాగావళి, వంశధార ఒడ్డున బతికే మనకు ఇది మరింత బాగా అర్థం కావాలి. ఈ రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. ఇక్కడ ఎండ కాస్తూండగానే అక్కడ కురిసిన వాన ఇక్కడ వరదై దిగుతుంది. ఇసుక తిన్నె మీద పశువులను మేపుకుంటున్న రైతునో, లారీలో నిద్రపోతున్న క్లీనరునో నీరు చుట్టుముట్టినప్పుడు అతడు అజాగ్రత్తపరుడా, అమాయకుడా? మహాశివరాత్రికి మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కే భక్తుడు 1,501 మీటర్ల ఎత్తుకు చెప్పులు కూడా లేకుండా బయలుదేరతాడు. ఈత, నడక, వస్త్రధారణ అంటూ ఏ పరీక్ష పెట్టినా అతడు తప్పుతాడు. అతడిని సాహసికుడని ఎవరూ అనరు, అనకూడదు కూడా. కానీ చట్టంలో రాసే వాక్యానికి భక్తి తెలియదు, సరదా తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మత్స్యకారులది. హెచ్చరిక ఉల్లంఘించి సముద్రంలోకి వెళ్ళినవారి నుంచి రక్షణ ఖర్చు వసూలు చేయాలని రేపు ఒక నిబంధన వచ్చిందనుకుందాం. అది మొదట పట్టుకునేది విశాఖపట్నం నుంచి కారులో వచ్చిన పర్యాటకుణ్ణి కాదు, భావనపాడు, కళింగపట్నం, బారువ తీరాల్లోని వేటగాణ్ణి. వాయుగుండం ఉంది, వేటకు వెళ్ళవద్దని చెప్పినా, నాలుగు రోజులుగా పొయ్యి వెలగని ఇంట్లోంచి ఒకడు వెళతాడు. వాడికి లక్ష రూపాయల బిల్లు వేస్తారా? గుజరాత్ తీరంలో బోట్ల మీద పనికి వలస వెళ్ళి, 2018 నవంబరులో సముద్రంలో కంటికి కనపడని సరిహద్దు దాటి పాకిస్తాన్‌కు చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగి వచ్చారు. వారిని విడిపించడానికి ఎంత ఖర్చయిందో చెప్పమని ఎవరూ అడగలేదు, అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. మరి అదే మనసు పిక్‌నిక్‌కు వచ్చిన కుర్రవాడి దగ్గర ఎందుకు మారుతుంది? వాడు పొట్టకూటి కోసం రాలేదు కాబట్టి. నిజమే, కానీ మునిగేటప్పుడు ఇద్దరూ మింగేది ఒకటే ఉప్పునీరు.

బిల్లు అనేది డబ్బున్నవాణ్ణి ఆపదు కూడా. 2023 జూన్‌లో టైటానిక్ శిథిలాలను చూడడానికి, మనిషికి రెండున్నర లక్షల డాలర్ల టికెట్టు పెట్టి, టైటాన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగిన ఐదుగురూ మరణించారు. వారి కోసం ఎన్నో ఓడలూ విమానాలూ వెతికాయి. రక్షణ బిల్లు వస్తుందన్న భయం ఉంటే అలాంటివారు ఆగిపోతారని నమ్మడం కష్టం. ఆగేది ఎవరంటే, ఫోను చేయడానికి ముందు జేబు తడుముకునేవాడు.

ఇక్కడే ఆ పిల్లవాడి తువ్వాళ్ళ మాట నాకు మళ్ళీ గుర్తుకు వస్తుంది. భయం మనిషిని నీటిలో దిగకుండా ఆపదు, ఎందుకంటే దిగేటప్పుడు తనకేమీ కాదనే అందరూ అనుకుంటారు. అది ఆపేది సాయానికి పిలవడాన్ని. అమెరికాలో కొండల మీద రక్షణ పనిచేసే స్వచ్ఛంద దళాల సంఘం ఎన్నో ఏళ్ళుగా, రక్షణకు రుసుము ఉండరాదని గట్టిగా చెబుతూ వస్తున్నది. డబ్బు కావలసినవారే వద్దంటున్నారంటే కారణం ఉండాలి. పగటి వేళ, కాలు బెణికినప్పుడే పిలిస్తే నలుగురు వెళ్ళి నడిపించుకు వస్తారు. ఖర్చుకు భయపడి చీకటి పడేదాకా ఆగి పిలిస్తే, అదే పనికి ఇరవై మంది, తాళ్ళు, దీపాలు, హెలికాప్టరు కావాలి. వెళ్ళినవారికి అపాయమూ పెరుగుతుంది.

కొండ మీద ఆ ఆలస్యం గంటల్లో ఉంటే, మన సముద్రం దగ్గర నిమిషాల్లో ఉంటుంది. తీరం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఒక్క విషయం వివరంగా చెబుతాను. అలలు ఒడ్డుకు తెచ్చి పోసిన నీరు ఎలాగో ఒకలా వెనక్కి వెళ్ళాలి. నీటి అడుగున ఇసుక మెట్టల మధ్య ఎక్కడ పల్లం ఉంటే అక్కడికి ఆ నీరంతా చేరి, ఒక సన్నని పాయలాగా వేగంగా లోపలికి పారుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని రిప్ కరెంట్ అంటారు. దాని మాయ ఏమిటంటే, ఆ పాయ మీద అలలు సరిగా విరగవు, అందుచేత చూసేవాడికి చుట్టుపక్కలకంటే అదే ప్రశాంతంగా, దిగడానికి అనువుగా కనిపిస్తుంది. చిక్కినవాడు నేరుగా ఒడ్డుకు ఈదబోయి, పారే నీటికి ఎదురీది, అలసి మునిగిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ సన్నని పాయ దాటిపోతుంది. ఈత రానివాడు తేలుతూ చేయి ఊపడమే మేలు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం పెద్ద అలల గురించి హెచ్చరికలు ఇస్తుంది గానీ, ఈ రోజు ఈ ఊరి ముందు పాయ ఎక్కడుందో చెప్పగలిగేది పొద్దున్నే ఇసుక మీద కూర్చుని నీటిని చూసే మత్స్యకారుడే. ఆయనను పిలవడానికి పట్టే ప్రతి నిమిషమూ లెక్కలోకి వస్తుంది.

సముద్రం మీద తిరిగేవారికి ఈ నీతి చాలా కాలంగా తెలుసు. ఓడ ఆపదలో ఉన్నప్పుడు దానినీ సరుకునూ కాపాడినవాడికి ప్రతిఫలం ఇవ్వాలని సముద్ర చట్టం చెబుతుంది. దానిని సాల్వేజ్ అంటారు, దాని మీద పెద్ద పెద్ద వ్యాజ్యాలే నడుస్తాయి. కానీ 1989 నాటి అంతర్జాతీయ సాల్వేజ్ ఒప్పందంలో 16వ అధికరణం, ప్రాణాలు దక్కినవారి నుంచి ఎలాంటి ప్రతిఫలమూ రావలసి ఉండదని స్పష్టంగా చెబుతుంది. ఆయా దేశాల సొంత చట్టాలకు అడ్డు రాకుండానే ఆ మాట అన్నారు. ఇనుముకు ధర ఉంది, బొగ్గుకు ధర ఉంది, మనిషికి లేదు. అయితే ఆ అధికరణం అక్కడితో ఆగలేదు. మనుషులను కాపాడినవాడు ఊరికే పోకూడదని, ఓడనూ సరుకునూ కాపాడినవారికి వచ్చే సొమ్ములో అతడికీ న్యాయమైన వాటా ఇవ్వాలని కూడా చెప్పింది. ఈ రెండో మాటను దయచేసి గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను చెప్పదలచినదంతా దానిలోనే ఉంది. కాపాడబడినవాడు చెల్లించనక్కరలేదు, కాపాడినవాడు నష్టపోకూడదు. ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. మనం వాటిని కలిపేసి, ఒకరి దగ్గర లాగితే తప్ప మరొకరికి ఇవ్వలేమన్నట్లు మాట్లాడుతున్నాం.

మన నేల మీద కూడా ఇదే పద్ధతి ఉంది. 2005లో మన రాష్ట్రంలో 108 సేవ మొదలైనప్పటి నుంచి, హెల్మెట్ లేకుండా బండి నడిపి పడిపోయినవాణ్ణీ, జాగ్రత్తగా నడుస్తూ దెబ్బతిన్నవాణ్ణీ అంబులెన్సు ఒకే విధంగా ఎత్తుకుపోతుంది. గాయపడినవాడు నిర్దోషి అయినా నేరస్థుడైనా ముందు వైద్యం చేయవలసిందేనని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. హెల్మెట్ లేనందుకు జరిమానా వేరు, ఆస్పత్రికి చేర్చడం వేరు. నీటి దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా మనకు ఎందుకు కనపడదో నాకు తెలియదు.

ఇతర దేశాల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. ఫ్రాన్స్‌లో పర్వతాల మీద రక్షణ సాధారణంగా ప్రభుత్వ ఖర్చుతోనే జరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో 1952లో స్థాపించిన రేగా అనే లాభాపేక్ష లేని సంస్థ హెలికాప్టర్లను నడుపుతుంది. బిల్లు ఉంటుంది, కానీ లక్షలాది మంది ఏటా కొద్దిపాటి విరాళం కట్టి పోషకులుగా చేరతారు, వారికి బీమా వర్తించకపోతే ఆ సంస్థ ఖర్చును మాఫీ చేయవచ్చు. బీమా మాట వచ్చింది కాబట్టి నేపాల్ సంగతి కూడా వినండి. అక్కడ హెలికాప్టరు ఖర్చు విదేశీ బీమా కంపెనీల నుంచి వస్తుంది కాబట్టి, కొద్దిపాటి తలనొప్పికే యాత్రికులను భయపెట్టి హెలికాప్టరు ఎక్కించే దందా నడిచిందని 2018లో బయటపడింది. ప్రతి రక్షణకూ ఒక బిల్లు ఉంటే, ఆ బిల్లు కోసమే రక్షణ అవసరమైనవారు పుట్టుకొస్తారు.

ఇక మనం చేయగలిగినదేమిటన్న దగ్గరికి వస్తాను. అమెరికాలోనే కొలరాడో రాష్ట్రం ఎంచుకున్న దారి నాకు నచ్చింది. అక్కడ వేట, చేపల వేట అనుమతుల మీద, పడవల రిజిస్ట్రేషన్ల మీద పావు డాలరు చొప్పున చిన్న అదనపు రుసుము వసూలు చేసి నిధిగా పెట్టి, రక్షణకు వెళ్ళిన స్వచ్ఛంద దళాల ఖర్చును ఆ నిధి నుంచి ఇచ్చే ఏర్పాటు చేశారు. చిక్కుకున్నవారిది తప్పా ఒప్పా అన్న విచారణ ఆ చెల్లింపుకు అడ్డం రాదు. మన తీరంలో దీనికి కొత్త పన్ను కూడా అక్కరలేదు. సెలవు రోజుల్లో బీచ్ దగ్గర ఆగే ప్రతి బండి నుంచీ ఆశీలు వసూలు చేస్తూనే ఉన్నారు. ఏటా దానికి వేలం పాటలు కూడా పాడుకుంటున్నారు. ఆ సొమ్ములో కొంత భాగాన్ని ఆ ఊరి మత్స్యకారుల సంఘం పేర నిధిగా ఉంచితే, తాడు కోసి వదిలేసిన వలకు వారం తిరగకముందే డబ్బు ఇవ్వవచ్చు. సెలవు రోజుల్లో నలుగురు గజ ఈతగాళ్ళకు రోజు కూలి ఇచ్చి ఒడ్డున కూర్చోబెట్టవచ్చు, వారికి ప్రమాద బీమా కట్టవచ్చు. ఈ రోజుకీ చాలా ఊళ్ళలో వారి దగ్గర ఉన్న రక్షణ సామగ్రి అంటే లారీ టైరు ట్యూబూ కొబ్బరి తాడూ మాత్రమే.

పైస్థాయిలో కూడా దారి ఉంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో 10 శాతం వరకు, కేంద్ర జాబితాలో లేని స్థానిక విపత్తులకు వాడుకోవడానికి రాష్ట్రాలకు వీలుంది. పక్కనున్న ఒడిశా నీట మునగడాన్నీ పడవ ప్రమాదాలనూ అలాంటి స్థానిక విపత్తులుగా ప్రకటించింది. ఇచ్ఛాపురం దాటితే ఉన్న నియమం ఇటువైపు ఎందుకు ఉండకూడదో అడగవలసినవారు మీరు.

తప్పు చేసినవాడికి శిక్షే లేదా అని మీరు అడుగుతారు. ఉండాలి, కానీ అది మునిగినందుకు కాదు, దిగినందుకు. మూసివేసిన మొగలో పదిమంది దిగితే తొమ్మిది మంది నవ్వుకుంటూ ఇంటికి పోతారు, ఒకణ్ణి నీరు లాగుతుంది. పదిమంది చేసిన తప్పూ ఒకటే. రక్షణ బిల్లు మాత్రం ఆ ఒక్కడికే వస్తుంది. అది శిక్ష కాదు, లాటరీ. అధికారి చట్టబద్ధంగా ఇచ్చిన ఉత్తర్వును ఉల్లంఘిస్తే భారతీయ న్యాయ సంహితలో 223వ సెక్షను ఇప్పటికే ఉంది. దానిని పదిమందికీ ఒడ్డు మీదనే వర్తింపజేయండి. అయితే ఆ పని చేయడానికి ముందు మన బోర్డులను ఒకసారి చూసి రావాలి. నేను పెట్టించిన బోర్డే రెండేళ్ళలో ఉప్పుగాలికి తుప్పుపట్టి, "స్నానం చేయ" అన్నంత వరకే మిగిలింది. అది చదివినవాడు దిగితే తప్పు ఎవరిది?

విద్యార్థులను బస్సులో తీసుకువచ్చి, ఈత వచ్చినవాడు ఒక్కడూ లేకుండా నీటి దగ్గర వదిలే యాత్రా నిర్వాహకుడి మీదా, డబ్బు తీసుకుని అడవి దారి పట్టించే ట్రెక్కింగ్ సంస్థ మీదా మాత్రం నాకు కనికరం లేదు. ఆపద మీద వ్యాపారం చేసేవాడు ముందుగానే బీమా చూపాలి, శిక్షణ పొందిన మనిషిని వెంట పెట్టుకోవాలి, జరగరానిది జరిగితే ఖర్చు భరించాలి. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో అడవి మంటల్లో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయిన తరువాతే ఆ రాష్ట్రం ట్రెక్కింగ్ నియమాలు చేసింది. మనం అంతవరకు ఆగనక్కరలేదు.

వేదిక మీదికి రెండు చీటీలు వచ్చాయి. మొదటి దానిలో, తాగి సముద్రంలో దిగినవాణ్ణి కూడా ఉచితంగానే కాపాడాలా అని అడిగారు. కాపాడాలి. మత్తు దిగాక, దిగినందుకు కేసు పెట్టండి, జరిమానా వేయండి. తెప్ప కూలి మాత్రం నిధి నుంచే ఇవ్వండి. ఒక్క సందర్భంలో నేను పూర్తి ఖర్చు రాబట్టమంటాను. ఆపదే లేకుండా, సరదాకు 112కో, తీర రక్షక దళం వారి 1554కో అబద్ధపు ఫోను చేసినవాడి దగ్గర. వాడు సాయం అడగలేదు, అదే గంటలో నిజంగా మునుగుతున్న మరొకడి సాయాన్ని దొంగిలించాడు.

రెండో చీటీలో, ఆ వల డబ్బు చివరికి వచ్చిందా అని అడిగారు. కార్యాలయం నుంచి రాలేదు. నెల తరువాత ఆ ఐదుగురిలో ఒకరి తండ్రి, ఎవరూ అడగకుండానే, బస్సు దిగి ఊరు వెతుక్కుంటూ వచ్చి, వలకూ ఇంజనుకూ కలిపి డబ్బు ఇచ్చి, పైన మరికొంత ఇవ్వబోయారట. థాయిలాండ్‌లో గుహలోని నీరు తోడి పోస్తే వరి పొలాలు మునిగిపోయిన రైతుల్లో కొందరు, పిల్లలు బతికితే చాలునని ప్రభుత్వ పరిహారం తీసుకోలేదని చదివినప్పుడు నాకు ఈ మనిషే గుర్తుకు వచ్చాడు. తెప్ప యజమాని వల ధర, ఇంజను ధర లెక్కపెట్టుకుని తీసుకుని, మిగిలింది ఆయన చేతిలోనే పెట్టేసి, "సాల్లే బాబూ, ఇది ఏటికి? నాకు పోయింది వల గదా" అన్నాడని ఊరివాళ్ళు చెప్పారు. నా ఫైలు మాత్రం నేను ఆ మండలం నుంచి బదిలీ అయ్యేనాటికి పద్దు తేలక బీరువాలోనే ఉంది.